ముందు గదిలో పెట్టె

మా అమ్మ, పేరు సువాక్ లాన్, కాపురానికి వచ్చిన రోజు లాంచీలోంచి ముందు కుట్టుమిషను దిగింది, ఆ వెనక ఆమె దిగింది. రజాంగ్ నది మీద సిబు పట్నానికి దిగువన, దుంగలు కట్టి వేసిన మా రేవులో, మిషను మోస్తున్నవాళ్ళ కాలు జారబోతే పెళ్ళికూతురే కొత్తబట్టలతో ఉరికి ఒక పక్క పట్టుకుందట. ఆ మిషను ఆమెకు ఎవరూ ఇచ్చింది కాదు. పట్నంలో చర్చివాళ్ళ బడిలో కుట్టు నేర్చుకుని, ఊళ్ళోవాళ్ళకు చొక్కాలు, పైజామాలు కుట్టి తనే కొనుక్కుంది.

ఇంట్లోకి రాగానే వెలుతురు ఎక్కడుందా అని చూసింది. గుంజల మీద కట్టిన ఇల్లు మాది. వెనక వంటిల్లు పొగచూరి గుహలా ఉండేది, మధ్య గదికి కిటికీయే లేదు. ముందు గదికి మాత్రం నదివైపు వెడల్పాటి కిటికీ ఒకటుంది. దాని కింద, రెండు చెక్కపీటల మీద, ఎర్రగుడ్డ కప్పిన పొడుగాటి నల్లపెట్టె. బట్టలపెట్టె అనుకుంది అమ్మ.

"ఇందులో ఏముంది అత్తా?" అని అడిగింది.

"ఇప్పటికేం లేదు," అంది మా నాయనమ్మ. "తర్వాత నేనుంటాను."

మా వైపు పెద్దవాళ్ళు పోకముందే పెట్టె చేయించుకుని ఇంట్లో పెట్టుకోవడం వింతేమీ కాదు. దాన్ని ఎవరూ శవపేటిక అనరు, ఆయుష్షు పెట్టె అంటారు. కాకపోతే మిగతా ఇళ్ళలో అది వెనకెక్కడో, రబ్బరు రేకులు ఆరబెట్టే పాకలోనో ఉంటుంది. మా ఇంట్లో రాణీగారిలా కిటికీ దగ్గర పడుకుని ఉండేది.

మిషను వంటింట్లోకి వెళ్ళింది.

నాకు ఊహ తెలిసేసరికి అమ్మ జీవితం ఇలా ఉండేది. తెల్లవారకముందే నుదుటికి దీపం కట్టుకుని రబ్బరుచెట్లకు గాట్లు పెట్టడానికి పోయేది. ఎండెక్కేలోగా పాలు పోగుచేసి తెచ్చి, గడ్డకట్టించి, చక్రాల మధ్య రేకులుగా నొక్కేది. పందులకు కుడితి పెట్టేది. నన్నూ మా తమ్ముణ్ణీ రేవులో ముంచి తోమేది. అందరికీ అన్నాలయ్యాక, మధ్యాహ్నంపూట, మిషను ముందు కూర్చునేది. మధ్యాహ్నమే! బయట నది మీద ఎండ కళ్ళు చెదిరేలా ఉంటే, ఇక్కడ పొయ్యి పక్కన కిరసనాయిలు దీపం వెలిగించుకుని సూదిమీదకు వంగి కుట్టేది. దీపం పట్టుకుని నిలబడే పని నాది.

"ఇటు పట్టవే. అటు కాదు, ఇటు. నా వేలు కనపడుతోంది గానీ గుడ్డ కనపడటం లేదు."

"చెయ్యి నొప్పెడుతోందమ్మా."

"నాకు కళ్ళు నొప్పెడుతున్నాయి. ఏం చేద్దాం, ఇద్దరం ఏడుద్దామా?"

నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టాల్సివచ్చిన రోజున ఆమెతో మాట్లాడటానికి మా తమ్ముడు కూడా భయపడేవాడు.

పెట్టె జరపమని ఆమె అడగకపోలేదు. ఏడాదికోసారైనా అడిగేది. ఒకసారి నేను దగ్గరే ఉన్నాను. నాయనమ్మ పెట్టె పక్కన వెదురుకుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.

"అత్తా, పెట్టెను కాస్త లోపలిగోడ దగ్గరికి జరుపుదామా? కిటికీ దగ్గర నేను కూర్చుంటే పని తొందరగా అవుతుంది. సగం రోజు దీపానికే పోతోంది."

"జరపడానికి అదేమన్నా బల్లా? నా కాళ్ళొచ్చే పక్క నదివైపు ఉండాలి."

"ఆదివారం చర్చికి పోతావు, మళ్ళీ ఈ దిక్కులేంటత్తా?"

"దేవుడికి దిక్కులు తెలీవా ఏంటి?" అని నాయనమ్మ చిక్కుడుకాయ పుటుక్కున విరిచింది. "నేనింకా పోనేలేదు. అప్పుడే నా చోటు కావలసొచ్చిందా నీకు?"

అమ్మ గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. కిందపెట్టిన గిన్నెలు అదిరేలా తొక్కింది.

నాయనమ్మకూ ఒక కారణం ఉంది. అది మాకందరికీ కంఠతా వచ్చు. ఆమె, తాత, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, సముద్రం అవతల మా పూర్వీకుల ఊరు ఫూచౌ నుంచి మొదటి ఓడల్లో వచ్చినవాళ్ళలో ఉన్నారు. అప్పుడు ఇక్కడ అడవి, జలగలు, చలిజ్వరం తప్ప ఇంకేం లేదు. మా నాన్న పొత్తిళ్ళలో ఉండగానే తాత జ్వరంతో పోయాడు. పలక కోసేవాడు లేడు, కోయడానికి రంపం లేదు. చాపలో చుట్టి ఒడ్డున పాతిపెట్టారు. ఆ ఏటి వానలకు ఒడ్డు కోసుకుపోయి, చాప అంచు మట్టిలోంచి బయటికొచ్చింది. అది నాయనమ్మే చూసింది. ఒంటరిగా, బిడ్డను వీపున కట్టుకుని, చేతులతో మట్టి ఎత్తిపోసిందట.

"ఆ కథ విన్నాక నేనింక నోరెత్తి చస్తానా?" అనేది అమ్మ, పిన్నులతో. "కొట్టే అత్త అయినా బాగుండేది, తిరిగి అరవొచ్చు. ఈవిడ ఏడిపిస్తుంది. ఏం చెయ్యను?"

నాన్న ఎగువన కలప క్యాంపులో పనిచేసేవాడు. పండగలకూ పబ్బాలకూ వచ్చేవాడు. తల్లి ముందు మంచికొడుకు, పెళ్ళాం ముందు మంచిమొగుడు, ఇద్దరూ ఒకేచోట ఉంటే రేవులో పడవ కడగడానికి పోయేవాడు.

"పోనీలేవే, ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడొకసారి అమ్మతో, పెట్టె సంగతి వచ్చినప్పుడు.

"ఏది? పెట్టా, మీ అమ్మా?"

ఆయన తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

అన్నిటికన్నా ఒళ్ళుమండే సంగతి రంగు. ఏటా నాయనమ్మ పుట్టినరోజుకు ముందు పెట్టెకు కొత్తగా ఒక పూత వెయ్యాలి. చెట్టుజిగురుతో చేసిన నల్లరంగు అది. వెయ్యడం కోడలి పని. ఆ జిగురు కొందరికి ఏమీ చెయ్యదు, కొందరికి పడదు. అమ్మకు పడదు. మోచేతుల దాకా దద్దుర్లు లేచి, చేతులు అరటిబోదెల్లా వాచేవి. కళ్ళు మూసుకుపోయేవి. అయినా వేసేది. నాయనమ్మ కుర్చీలోంచి లేవకుండా చూపుడువేలితో చెప్పేది.

"ఆ మూల సరిగ్గా చూడు. అక్కడే నా తల వస్తుంది."

"చూశానత్తా."

"చూస్తే ఆ బుడగేంటి మరి?"

పుట్టినరోజునాడు అందరం ఎర్రసారా పోసి వండిన కోడిపులుసులో సన్నసేమ్యా వేసుకుని తినేవాళ్ళం, ముసలావిడ ఆయుష్షు ఇంకా పెరగాలని. అమ్మ వాచిన వేళ్ళతో అన్నం తినే పుల్లలు పట్టుకోలేక చెంచాతో తినేది. నాయనమ్మ ఆమె చేతులకు కొబ్బరినూనె తనే రాసేది, ఊదుతూ, జాలిపడుతూ. మళ్ళీ ఏడాది కొత్తరంగు డబ్బా తెప్పించేది. ఇది క్రూరత్వమో ప్రేమో నాకిప్పటికీ తెలియదు. రెండూ కలిసి ఉంటే అది ఇంకా చిరాకు.

నేను రెండో తరగతిలో ఉండగా నది పొంగింది. ఏడాది చివర్లో నీళ్ళు రావడం మాకు అలవాటే, కానీ ఆ ఏడు రేవు కనబడకుండా పోయింది, మెట్లు పోయాయి. మధ్యాహ్నానికి నేలపలకల సందుల్లోంచి ఇంట్లోకే నీళ్ళు ఉబకసాగాయి. నాన్న క్యాంపులో ఉన్నాడు. పక్కింటి తింగ్ బాబాయ్ నడుముల్లోతు నీళ్ళలో వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి అరిచాడు.

"వదినా, ఏదో ఒకటే ఎత్తిపెట్టి పోతాను! నా పందులు ఈదుకుంటూ పోతున్నాయి! చెప్పు, ఏది?"

"మిషను!" అంది అమ్మ.

నాయనమ్మ వెళ్ళి పెట్టెను రెండు చేతులతో వాటేసుకుని, దాని మీద చెంప ఆనించి నిలబడింది. కిందినుంచి నీళ్ళు ఆమె చీలమండలను తడుపుతున్నాయి.

తింగ్ బాబాయ్ అమ్మవంక చూశాడు. అమ్మ నీళ్ళవంక చూసింది.

"సరే. పెట్టే ఎత్తు," అంది.

ఇద్దరూ కలిసి, నేనూ ఒక మూల పట్టుకుని, దాన్ని బల్లల మీదకు ఎక్కించాం. బాబాయ్ పరిగెత్తాడు. అమ్మ ఒక్కతే మిషనును ఎత్తబోయింది. ఆ ఇనుపకాళ్ళు కదిలితేగా. పైభాగం ఊడదీద్దామంటే మర తుప్పుపట్టి తిరగలేదు. నీళ్ళు దాని కాలిపలకను ముంచి, చక్రాన్ని ముంచి, సూది దాకా వచ్చాయి. ఆమె దాని ఎదుటే నిలబడి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, ఎవరినో తెలియకుండా బండబూతులు తిట్టింది. నేనెప్పుడూ విననివి. ఆ తర్వాత కోళ్ళను ఒక్కొక్కటిగా పట్టి తెచ్చి పెట్టె మీదకు విసిరింది.

"అయ్యో, కోళ్ళు! రెట్టలేస్తాయే!" అని గోలపెట్టింది నాయనమ్మ.

"వెయ్యనీ."

నీళ్ళు తీశాక, అమ్మ మిషనును మర మరా విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పెట్టింది. అది తిరిగింది గానీ ముందులా కుట్టలేదు. నాలుగు కుట్లు వేసి ఒకటి ఎగరగొట్టేది. పాస్టరుగారి భార్య గౌను అలాగే పాడైంది. "పరవాలేదులే" అని ఆవిడ నవ్వి తీసుకెళ్ళింది, మళ్ళీ గుడ్డ పంపలేదు.

తర్వాతి ఏడు మా కొత్తసంవత్సరం పండగ రెండోరోజు తింగ్ బాబాయ్ పోయాడు. తేలిపోతున్న తెప్పదుంగలను ఒడ్డుకు లాగబోయి వాటి మధ్య పడ్డాడు. దిగువ మలుపులో దొరికాడు. పండగని పట్నంలో వడ్రంగులు కొట్లు మూసేశారు, లాంచీలు తిరగడం లేదు. ఆ ఎండకు ఆగే పరిస్థితి కాదు. మగవాళ్ళు రేవులో నిలబడి గొణుక్కున్నారు. చివరికి ఎవరో అన్నారు, చాపలో చుట్టేద్దాం అని.

ఆ మాట మా ముందు గది దాకా వినపడింది. నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. గుమ్మంలోకి వచ్చి, అంత ముసలి గొంతు అంత దూరం ఎలా వెళ్ళిందో గానీ, అరిచింది.

"చాపలో ఎవడు పెడతాడో నేనూ చూస్తాను! రండి, నా పెట్టె తీసుకుపోండి!"

రేవులో అందరూ నోరు తెరిచారు. తింగ్ పిన్ని పరిగెత్తుకొచ్చి మా మెట్ల మీద కూలబడి ఆమె కాళ్ళు పట్టుకుంది.

"మరి నీకత్తా?" అంది అమ్మ.

"నేనిప్పుడే పోవడం లేదుగా. లే, ఆ ఎర్రగుడ్డ తీసెయ్. అది మాత్రం ఉంచు, బాగుంటుంది."

అన్నేళ్ళ పూతలు, అమ్మ చేతుల దద్దుర్లు, అన్నీ తింగ్ బాబాయ్‌తో వెళ్ళిపోయాయి. అమ్మ గడపలో నిలబడి ఏడ్చింది. అతని కోసం ఏడ్చింది, పెట్టె కోసం ఏడ్చింది, ఇంకా దేనికోసమో. తర్వాత ముఖం కడుక్కుని తింగ్ వాళ్ళింటి ఆడవాళ్ళకు చావుమైలలో కట్టుకునే ముతక తెల్లబట్టలు కుట్టడానికి కూర్చుంది.

"ఇంకా ఆ పొగలో కూర్చుంటావేం?" అంది నాయనమ్మ. "ఇక్కడికి లాక్కో."

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లు వేరే ఇల్లు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. నాకు దీపం పట్టే పని తప్పింది. పడవలో చిల్లురొట్టెలు తాడుకు గుచ్చి అమ్మేవాడు మా రేవు దాటబోతే అక్కణ్ణించే కేకేసేది. నాయనమ్మ తన కుర్చీ మిషను పక్కకు లాక్కుని, లాంచీ దిగేవాళ్ళందరికీ వంకలు పెట్టేది.

"అదిగో, మీ పాస్టరమ్మ. నీ దగ్గర మానేసి పట్నంలో కుట్టించుకున్న గౌను చూడు. చంకల్లో లాగుతోంది."

"అవునత్తా, లాగుతోంది," అని అమ్మ నవ్వేది. ఎంత తృప్తిగా నవ్వేదో! గదిలో వాళ్ళిద్దరి నవ్వు కలిసి వినపడటం నాకు అదే మొదలు.

అలా ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు కదా, ఇక ఆ ముసలావిడకు చాలదా? నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇదే. ఆ నవ్వుల మధ్యలోనే, క్యాంపుకు వెళ్ళే ఎవరితోనో, నాన్నకు కబురు పంపింది.

ఏడాది మధ్యలో ఒకరోజు నాన్న చెప్పాపెట్టకుండా వచ్చాడు. పెద్ద పడవ, దానిలో నలుగురు మనుషులు, వాళ్ళ మధ్య పచ్చి చెక్కవాసన కొడుతున్న కొత్తపెట్టె. పాతదానికన్నా జానెడు వెడల్పు ఎక్కువ. ఆయన ముఖం వెలిగిపోతోంది. అమ్మ కిటికీలోంచి చూసి, కుడుతున్న చొక్కా అలాగే సూది కింద వదిలేసి, రేవులోకి దిగింది. నేను వెనకే పరిగెత్తాను.

"ఏంటది?"

"అమ్మ చెప్పి పంపింది. క్యాంపు వడ్రంగి చేశాడు, చూడు, ఒక్క ముడి లేదు చెక్కలో."

"నాకెవరూ చెప్పలేదే."

"నీకు చెప్పేదేముందే? అమ్మ పెట్టె అమ్మకి."

"దించకండి," అంది అమ్మ ఆ మనుషులతో. వాళ్ళు పెట్టెను సగం ఎత్తినవాళ్ళు అలాగే ఆగిపోయారు. "అది లోపలికొస్తే మిషను బయటికి పోతుంది. మిషనుతోబాటు నేనూ పోతాను."

"నలుగురిలో ఏంటే ఈ గొడవ?"

"నలుగురిలో కాకపోతే నువ్వు వింటావా? పడవ కడగడానికి పోతావుగా!"

మోస్తున్నవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. పైన గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు.

"కాళ్ళు నదివైపు పెట్టండి," అంది.

పెట్టె లోపలికి వెళ్ళింది. అమ్మ అన్నమాట నిలబెట్టుకుంది. అదే పడవలో మిషను ఎక్కించమంది. పట్నం దాకా పోతుందని నేను ఏడుపు లంకించుకున్నాను, తమ్ముడు ఆమె కాలు పట్టుకున్నాడు. మమ్మల్ని చూసి ఆమె కాసేపు పళ్ళు కొరుక్కుంది. ఆఖరికి చర్చి రేవు దగ్గర దింపమంది. అది మా ఇంటికి కూతవేటు దూరం. చర్చి వరండాలో పాస్టరుగారు చోటిచ్చారు, భార్య గౌను సంగతి మర్చిపోయి. అక్కడ వెలుతురు ఉంది, కానీ ఒక జల్లు వస్తే గుడ్డలన్నీ తడిసేవి, గాలికి కాగితపు కొలతలు ఎగిరిపోయేవి. పొద్దున రబ్బరు, పందులు, వంట. మధ్యాహ్నం పడవ తెడ్డేసుకుంటూ చర్చికి. సాయంత్రం మళ్ళీ తెడ్డేసుకుంటూ పొయ్యి దగ్గరికి. ఏళ్ళకేళ్ళు అలాగే తిరిగింది. ఎవరు గెలిచారంటే నేను చెప్పలేను. ఎవరికీ ఏదీ దక్కలేదు.

ఒక్కదాంట్లో మాత్రం అమ్మ మెత్తబడలేదు. "రంగు నేను వెయ్యను. చంపినా వెయ్యను," అంది. నాయనమ్మ బతిమాలింది, అలిగి అన్నం మానేసింది. అమ్మ కదల్లేదు. చివరికి కుంచె నాకిచ్చారు. నా చేతులూ వాచాయి. అమ్మ నాకు నూనె రాస్తూ, "నువ్వెందుకు వేశావే? నిన్నెవరు వెయ్యమన్నారు?" అని నన్నే తిట్టింది. నాకూ కోపమొచ్చింది. ఆ ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళం ఒకరిమీద ఒకరం కోపంతో, ఇల్లంతా కొబ్బరినూనె వాసనేస్తుంటే పడుకున్నాం.

నాయనమ్మ చాలా ఏళ్ళు బతికింది. నాకు పెళ్ళయింది, తమ్ముడు పట్నంలో రంపపుమిల్లులో చేరాడు, ఆమె ఇంకా కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూనే ఉంది. చివరికి ఒక పొద్దున నిద్రలోనే పోయింది, ఎవరినీ కష్టపెట్టకుండా. ఆమె కోరుకున్నట్టే, ఒక్క ముడి లేని చెక్కలో, గుట్ట మీద, నీళ్ళు ఎక్కలేని చోట పెట్టి వచ్చాం. అమ్మ అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. నటన కాదు.

ఆ వారం నేను అక్కడే ఉన్నాను. ముందు గది పెద్దగా, బోసిగా ఉంది. ఒక ఉదయం లేచి చూస్తే కిటికీ కింద, సరిగ్గా పెట్టె ఉన్నచోటే, నాన్న తన పడవ ఇంజను పెట్టి ఉంచాడు. కింద గోనెపట్టా, చుట్టూ డబ్బాలు.

"వానకు తడుస్తోందే రేవులో," అన్నాడు.

అమ్మ అప్పటికే ముసలిదయింది, నాన్న కన్నా పొట్టిది. ఇంజను మెడ పట్టుకుని, నేలమీద ఈడ్చుకుంటూ, గడప దాటించి, మెట్లమీద ధనధన కొట్టుకుంటుంటే లెక్కచెయ్యకుండా, రేవు మీద పడేసి వచ్చింది. నాన్న గుమ్మంలో చేతులు వేలాడేసుకుని చూశాడు.

"పట్టుకోనా?" అన్నాడు, అంతా అయ్యాక.

ఆ మధ్యాహ్నం నేనూ తమ్ముడూ చర్చినుంచి మిషను తెచ్చాం. ఆమె దాన్ని కిటికీ కింద పెట్టించి, తుడిచి, కూర్చుంది. తెరిచిన కిటికీలోంచి నదివెలుగంతా ఆమె ఒళ్ళో పడుతోంది. దారం నాలికతో తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. తప్పింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ తప్పింది. అన్నేళ్ళ పొగా దీపాలూ ఆమె కళ్ళలో తెల్లగా పేరుకుపోయాయని మాకందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. పట్నంలో డాక్టరుకు చూపించమంటే వాయిదా వేస్తూనే ఉంది.

"ఇలా ఇవ్వమ్మా, నేను ఎక్కిస్తాను," అన్నాను.

ఎక్కించి ఇచ్చాను. దిండుగలీబు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు వంకరగా పోయింది, మిషను ఎప్పటిలాగే నాలుగిటికి ఒకటి ఎగరగొట్టింది. విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే. బట్టను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి, నా చిన్నప్పటి ఆ వరదరోజు మాటలన్నీ మిషనుకు మళ్ళీ వినిపించింది. నేను నవ్వాపుకోలేక ముందుకు వంగి చూడబోయాను.

"ఏం నవ్వుతావే?" అంది తలెత్తకుండా. "ముందు ఆ వెలుతురుకు అడ్డు లే."